ఎడమ రెక్క అడుగున

ఆ ఎండాకాలం మా ఇంట్లో అందరికీ మెడలు పట్టేశాయి. నాకు, మా ఆయనకి, ఆఖరికి కుర్చీలోంచి లేవని మా నాన్నకి కూడా. అమ్మకి మాత్రం పట్టలేదు. ఏళ్ళ తరబడి కుట్టుమిషను మీదికి వంగిన మెడ కదా, పైకి చూడాల్సి వచ్చేసరికి దానికి సెలవు దొరికినట్టయింది. ఆ మాట ఆవిడే అంది. తన గురించి తను గొప్పగా చెప్పుకోవడానికి అమ్మ ఎప్పుడూ మొహమాటపడదు. ఆ విషయంలో నాది అచ్చం ఆవిడ పోలికే.

అమ్మది వీధి చివర దర్జీ షాపు. దాని పక్క గది నా ఫొటో స్టూడియో. మధ్యలో గోడ పల్చన. ఆవిడ మిషను చప్పుడు నాకూ, నేను రోజంతా అనే "కదలకండి, కదలకండి" ఆవిడకీ వినపడుతూనే ఉంటాయి. నాన్న కరెంటాఫీసులో హెడ్‌క్లర్కుగా చేసి రిటైరయ్యాడు. మంచివాడే. కాకపోతే ఎవరైనా "మీ ఆవిడ ఏం చేస్తారండీ?" అని అడిగితే, అమ్మ షాపులో ఊపిరాడకుండా కొలతలు తీసుకుంటున్న సమయంలో కూడా, "మా ఆవిడ ఇంట్లోనే ఉంటుందండీ" అనేవాడు. పదిమంది బట్టలు కుట్టే మనిషి తన భార్య అని చెప్పుకోవడం హెడ్‌క్లర్కుగారికి నామోషీ. అమ్మ ఆ మాట విన్నప్పుడల్లా పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని ఉండేది. నోరు ఖాళీగా ఉంటే ఏమనేదో నాకు తెలుసు.

విమానాల గొడవ మా ఇంట్లోకి ఒక కారు సీటు కవరు రూపంలో వచ్చింది. ఊరి బయట ఫ్లయింగ్ క్లబ్బులో ఒక ఇంజనీరమ్మ ఉండేది. ఆవిడ కారు సీటు చిరిగితే అమ్మ దగ్గరికి తెచ్చింది. మిషను సూది దిగని మందం అది, అమ్మ చేత్తో కుట్టి ఇచ్చింది. ఇంజనీరమ్మ ఆ కుట్టుని వేలితో తడిమింది, గుమ్మంలోకి వెళ్ళి వెలుతురులో పెట్టి చూసింది, వెనక్కి వచ్చి అడిగింది.

"మాకు రెక్కలు కుట్టిపెడతారా?"

"ఎవరికమ్మా, రెక్కలు?"

"విమానానికి."

వాళ్ళ క్లబ్బులో బాగా పాత విమానం ఒకటి ఉందట. పైన ఒక రెక్క, కింద ఒక రెక్క, ముందు ప్రొపెల్లరు. దాని రెక్కలు రేకువి కావు, లోపల చెక్క చట్రం, పైన గుడ్డ. ఏళ్ళుగా మూలపడి ఉన్న దాన్ని బాగుచేసి, ఎండాకాలం చివర్లో జరిగే ఎయిర్‌షోలో ఎగరేయాలని వాళ్ళ పట్టుదల. ఆ గుడ్డని చట్రానికి చేత్తోనే కుట్టాలి. అలా కుట్టేవాళ్ళు దొరకడం లేదు.

అమ్మ ఏమీ అడగకుండానే ఒప్పేసుకుంది. ఆ సాయంత్రం ఇంట్లో నడిచిన తీరు చూస్తే, విమానం కనిపెట్టింది కూడా ఆవిడేనేమో అనిపించింది.

"గుడ్డతో విమానమేమిటి? అదేమన్నా గొడుగా?" అన్నాడు నాన్న పేపరు దించకుండా.

"గొడుగైతే మీకు కుట్టేదాన్ని. ఇది ఎగరాలి," అంది అమ్మ.

నాన్న ఆ రాత్రి తన చెల్లెలితో ఫోనులో మాట్లాడుతుంటే విన్నాను. "ఏం లేదమ్మా, మీ వదిన కాస్త కాలక్షేపానికి బయటికి వెళ్తోంది" అంటున్నాడు. నాకు ఒళ్ళు మండింది. అమ్మ వంటింట్లో గిన్నెలు కాస్త గట్టిగా సర్దింది.

*

క్లబ్బు షెడ్డులోకి నేను మొదటిసారి వెళ్ళినప్పుడు అమ్మ అప్పటికే పనిలో మునిగి ఉంది. రెక్కని తలుపు చెక్కలా నిలువుగా నిలబెట్టారు. ఇటు అమ్మ, అటు షెడ్డు పెయింటరు. దబ్బనమంత సూది అమ్మ ఇటునుంచి గుచ్చితే, ఆయన అటువైపు అందుకుని తిరిగి గుచ్చుతాడు. దారానికి మైనం పట్టించి ఉంది. అప్పటికే ఒక వరస పైనుంచి కిందిదాకా కుట్టేసింది అమ్మ. చూడ్డానికి కొలబద్ద పెట్టి గీసినట్టుంది.

ఇంజనీరమ్మ వచ్చి చూసి, "చాలా అందంగా ఉందమ్మా. విప్పేయండి," అంది.

అమ్మ కుట్టినదాన్ని విప్పమన్నవాళ్ళు నాకు తెలిసి ఇంతవరకూ పుట్టలేదు.

"ఎందుకు విప్పాలి?" అంది అమ్మ, మెడలో టేపు సర్దుకుంటూ. అలా సర్దుకుందంటే పోట్లాటకి దిగుతున్నట్టు.

"మీరు బట్టలకి వేసినట్టు వరస మొత్తానికి చివర ఒక ముడి వేశారు. పైన గాల్లో ఒక్క కుట్టు తెగిందనుకోండి, వరసంతా ఊడిపోతుంది. గుడ్డ లేచిపోతుంది. ప్రతి కుట్టుకీ దాని ముడి దానికే ఉండాలి. ఒకటి తెగినా పక్కది పట్టుకుని ఆగాలి. లోపల మనిషి ఉంటాడమ్మా."

అమ్మ ముక్కు మీద కోపం నాకు తెలుసు కాబట్టి నేను రెండడుగులు వెనక్కి వేశాను. అమ్మ కత్తెర తీసుకుంది. వరసంతా తనే విప్పింది, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. "ఆ ముడి చూపించండి," అంది. ఇంజనీరమ్మ చూపించింది. ఒకసారి చూసి, తను వేసి, లాగి, ఇంజనీరమ్మ చేతికే ఇచ్చి, "ఇప్పుడు మీరు లాగండి," అంది.

ఇంజనీరమ్మ లాగింది. నవ్వేసింది. అమ్మ మొహం చూడాలి అప్పుడు! పెయింటరు కూడా అటువైపునుంచి తల బయటికి పెట్టి చూశాడు.

ఆ తర్వాత అమ్మ షాపులో ఏ పని చేస్తున్నా ధ్యాసంతా ఆ రెక్కల మీదే. పొద్దున షెడ్డు, మధ్యాహ్నం నుంచి షాపు. యూనిఫాంలకి బొత్తాలు కుడుతూ కూడా ఆ ముడే వేసేది. ఆ బొత్తాలు బట్ట చిరిగితే ఊడాలి తప్ప, వాటంతట అవి ఊడవు.

రెక్కలన్నీ పూర్తయిన రోజున నేను కెమెరాతో వెళ్ళాను. అప్పటికే పెయింటరు పని మొదలైంది. కుట్ల వరసల మీద సన్నటి గుడ్డ పట్టీలు అంటించి, పైన గుడ్డ బిగుసుకునే మందు పూసి, దానిపైన రంగు వేస్తున్నాడు. అమ్మ కుట్లు ఒక్కొక్క వరసే మాయమైపోతున్నాయి.

"అదేంటి, అన్నీ మూసేస్తున్నారు?" అంది అమ్మ.

"మూయకపోతే గాలి చీల్చేస్తుందమ్మా," అంది ఇంజనీరమ్మ. అమ్మ మొహం చూసి దగ్గరికి వచ్చింది. "పూర్తిగా పోదు. ఇలా రండి." ఎడమవైపు కింది రెక్క అడుగుకి అమ్మని వంగోబెట్టి, చేతిలో టార్చిలైటు రెక్కకి ఆనించి పక్కనుంచి వేసింది. రంగు కింద అమ్మ ముడులు వరసగా చిన్నచిన్న గింజల్లా లేచి కనిపించాయి. "సాయంత్రం ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు, విమానం పక్కకి వంగితే, కింద నిలబడ్డవాళ్ళకి ఇలాగే కనిపిస్తుంది. క్షణంసేపు."

అమ్మ నిలబడి నడుం సవరించుకుంది. నా వైపు తిరిగింది.

"విన్నావుగా. అది నువ్వు తియ్. ఇంత పెద్దది. హాల్లో గోడకి పెడదాం."

"హాల్లోనా?"

"మీ నాన్న కుర్చీకి ఎదురుగా. రోజూ దాన్నే చూస్తూ పేపరు చదవాలి. చదివి చదివి ఏదో ఒకరోజు ఎవరితోనైనా ఒక్క మాట అనాలి, ఇది మా ఆవిడ కుట్టిందీ అని. నాకింకేమీ అక్కర్లేదు."

*

నా దగ్గరున్న లెన్సులు పెళ్ళిళ్ళకీ, పాస్‌పోర్టు ఫొటోలకీ పనికొచ్చేవి. వాటితో విమానాన్ని తీస్తే ఫొటోలో ఈగ వాలినట్టుంటుంది. అందుకని నేనూ మా ఆయనా లెన్సులు అద్దెకిచ్చే బాబాయ్ దగ్గరికి వెళ్ళాం. ఆయన నాకు సొంత బాబాయ్ కాదు, ఊళ్ళో కెమెరా పట్టుకున్న ప్రతివాళ్ళకీ బాబాయే. బల్ల మీద మూడు పెట్టాడు. ఒకటి మధ్యరకం, అది విమానాలకి చాలదని ఆయనే పక్కకి జరిపేశాడు. రెండోది వంద నుంచి నాలుగువందల దాకా జూమ్ అయ్యే లెన్సు, చేత్తో పట్టుకోదగ్గది. మూడోది ఆరువందల మిల్లీమీటర్లది. జూమ్ లేదు, తెల్లగా, చంటిబిడ్డంత పొడుగు, చంటిబిడ్డకన్నా బరువు.

నా కళ్ళు మూడోదాని మీద పడి అక్కడే ఉండిపోయాయి.

"దీంతో పైలట్ మీసం కూడా కనిపిస్తుంది," అన్నాడు మా ఆయన భక్తిగా.

"మీసం సరే, ముందు విమానం దొరకాలి కదా," అన్నాడు బాబాయ్. "అమ్మా, లెన్సు ఎంత పొడుగైతే అది చూసే కిటికీ అంత చిన్నది. ఆకాశంలో కదిలేదాన్ని ఆ కిటికీలోకి తెచ్చుకోవడమే కష్టం. పైగా దీన్ని స్టాండు మీద పెట్టాలి. స్టాండు మీద పెడితే విమానంతోపాటు తిరగలేవు. ఇంతకీ ఏ విమానం? జెట్టా, లేకపోతే ముందు..."

"బాబాయ్," అన్నాను, "ఇన్నేళ్ళుగా ఫొటోలు తీస్తున్నాను. నాకు చిన్నచిన్న ముడులు కనపడాలి. ఎంత పెద్దదుంటే అంత మంచిది."

ఆయన భుజాలెగరేసి ఆరువందలది పెట్టెలో పెట్టి ఇచ్చాడు. మా ఆయన దాన్ని రెండు చేతులా ఎత్తుకుని వీధిలో నడుస్తుంటే అందరూ పక్కకి తప్పుకున్నారు. నేను వెనకాల మహారాణిలా నడిచాను.

ఇక డాబా మీద సాధన. గద్దల్ని తీశాను, పావురాల్ని తీశాను, ఎప్పుడన్నా పైనుంచి పోయే విమానాల్ని తీశాను. అక్కడే మా అందరి మెడలూ పట్టేశాయి. నాన్న కూడా కుర్చీ డాబా మీదికి తెప్పించుకుని, "అదిగో ఎడమవైపు! అబ్బ, అటు కాదే!" అని అరుస్తూ ఉండేవాడు. ఆయనకి ఈ సరదా బాగా పట్టుకుంది. ఒకరోజు పక్క డాబా మీదాయన బట్టలు తీసుకోవడానికొచ్చి, "ఏమిటండీ ఇదంతా?" అని అడిగాడు. అమ్మ అక్కడే ఉంది, ఒక ప్యాంటుకి అంచు మడుస్తోంది.

"ఏం లేదండీ, మా అమ్మాయికి విమానాల ఫొటోల పిచ్చి పట్టింది," అన్నాడు నాన్న. "ఎయిర్‌షోకి తయారవుతోంది."

"ఓ! మరి చెల్లెమ్మగారు కూడా వెళ్తారా?"

"ఆవిడకేం పనండీ అక్కడ. ఇంట్లోనే ఉంటుంది."

అమ్మ పెదాల మధ్య గుండుసూదులు కదల్లేదు. నేను కెమెరాలోంచి కన్ను తియ్యలేదు, తీస్తే నాన్నని ఏదో ఒకటి అనేసేదాన్ని.

*

షోకి ముందు ఒక సాయంత్రం ఆ పాత విమానాన్ని రిహార్సల్‌కి ఎగరేశారు. క్లబ్బు గేటు దగ్గర మమ్మల్ని నిలబడనిచ్చారు. అమ్మ రాలేదు. "అసలు రోజునే చూస్తాను," అంది. నేను స్టాండు బిగించి, షట్టరు ఎంత వేగంగా పెట్టొచ్చో అంత వేగంగా పెట్టాను. నా వృత్తిలో మొదటి మాట "కదలకండి" కదా. కదిలినదల్లా పాడైపోయిన ఫొటో, అదే నాకు తెలిసింది. విమానం చాలాసార్లు నా కిటికీలోకి రాకుండానే పోయింది. ఒకసారి మాత్రం రెక్క వంచి, ఎండ పక్కనుంచి పడుతుండగా సరిగ్గా నా ముందుకి వచ్చింది. నొక్కాను.

ఇంటికొచ్చి కంప్యూటరులో పెద్దది చేసి చూస్తే నా కళ్ళు నెత్తికెక్కాయి. ఎడమ రెక్క అడుగున అమ్మ ముడులు, ఒకదాని వెనక ఒకటి, ఆవగింజలు పేర్చినట్టు స్పష్టంగా ఉన్నాయి! "అమ్మా!" అని వీధి మొత్తం వినపడేలా పిలిచాను.

అమ్మ కళ్ళజోడు పెట్టుకుని వచ్చింది. నాన్న కూడా లేచి వచ్చి ఆవిడ వెనక నిలబడ్డాడు. నేను వేలితో ముడుల్ని చూపించాను. అమ్మ వాటిని చూసింది. తర్వాత ఆవిడ చూపు మెల్లగా ముందుకి జరిగి విమానం ముక్కు దగ్గర ఆగింది.

"ఫ్యాను ఎందుకాగిపోయిందే?"

నేను అప్పుడు చూశాను. ప్రొపెల్లరు రెండు రెక్కలూ కొయ్యలో చెక్కినట్టు కదలకుండా నిలబడి ఉన్నాయి. అంత వేగంగా తిరిగేదాన్ని నేను పట్టుకుని ఆపేశాను.

"బొమ్మ విమానంలా ఉంది," అన్నాడు నాన్న. "దారం కట్టి పైనుంచి వేలాడదీసినట్టు."

ఆయన వెక్కిరించలేదు, ఉన్నమాటే అన్నాడు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. అమ్మ కళ్ళజోడు తీసి పైట చెంగుకేసి తుడవబోయి, మెడలో టేపుకేసి తుడిచింది. అంత పరధ్యానంగా ఆవిడని నేనెప్పుడూ చూడలేదు.

"కుట్లు బాగా కనిపిస్తున్నాయి కదమ్మా," అన్నాను.

"కనిపిస్తున్నాయి." కళ్ళజోడు మడిచి, "ఇదే ఫొటో షెడ్డులోనే తీయొచ్చు కదే, నేల మీద ఉన్నప్పుడు. నేను కుట్టింది ఎగరడానికి," అంది. షాపులో పనుందని వెళ్ళిపోయింది. షాపు మూసి అప్పటికే చాలాసేపయింది.

*

మర్నాడు పొద్దున్నే బాబాయ్ షాపు షట్టరెత్తుతుంటే నేను పెట్టెతో మెట్ల మీద కూర్చుని ఉన్నాను. ఫొటో చూపించాను. ఆయన నవ్వలేదు, అది ఆయన పెద్దమనిషితనం.

"ఆ రోజు అడగబోయింది ఇదే తల్లీ. జెట్టుకైతే ఎంత వేగంగానైనా కొట్టు, తిరిగేదేమీ పైకి కనపడదు. ఫ్యాను విమానానికి షట్టరు నెమ్మదిగా ఉండాలి. నెమ్మదిగా అంటే చెయ్యి వణికితే మొత్తం చెరిగిపోయేంత నెమ్మదిగా. అప్పుడే ఫ్యాను గుండ్రంగా తిరుగుతూ పడుతుంది. దానికి నువ్వు విమానంతోపాటే, దాని వేగంతోనే, నడుంనుంచి తిరగాలి. ఈ ఏనుగుపిల్లతో తిరగగలవా?"

"తిరగలేను."

"జూమ్ తీసుకో. దూరంగా ఉన్నప్పుడు వెడల్పుగా పెట్టి పట్టుకో, దగ్గరికొచ్చాక లాక్కో. చేతిలో పట్టుకుని తిరుగు. ఒకటే చిక్కు." ఆయన నా మొహంలోకి చూశాడు. "అంత నెమ్మది షట్టరులో నీ ఆవగింజలు నిలబడతాయని చెప్పలేను. నిలబడకపోవచ్చు. ఏది కావాలో నువ్వే తేల్చుకో."

ఆయన ఆ మాటలంటుండగానే నేను ఆరువందల లెన్సు పెట్టెని బల్ల మీద ఆయన వైపుకి జరిపాను.

అప్పట్నుంచి మా ఆయన ఖర్మ మొదలైంది. పొద్దున్నా సాయంత్రం వీధిలో సైకిలు తొక్కుతూ ఇటునుంచి అటు, అటునుంచి ఇటు. సైకిలు చువ్వలు చెరిగిపోవాలి, ఆయన మొహం మాత్రం స్పష్టంగా రావాలి. మొదట్లో ఆయన మొహం కూడా చెరిగిపోయేది. "ఇలాగే బాగున్నాను, వదిలెయ్యి," అని బతిమాలాడు. వీధిలో వాళ్ళు సోడాలు తాగుతూ చూశారు. అమ్మ షాపు గుమ్మంలో నిలబడి, "అల్లుడుగారూ, మోకాళ్ళ దగ్గర ప్యాంటు పిగులుతోంది, సాయంత్రం ఇచ్చి వెళ్ళండి," అంది. ఆయన తల ప్రాణం తోకకొచ్చిందిగానీ, చివరికి ఒక ఫొటోలో చువ్వలు గుండ్రంగా తిరుగుతూ, మధ్యలో ఆయన విసుగు మొహం ప్రతి ముడతతో సహా అచ్చుగుద్దినట్టు వచ్చింది. దాన్ని నాన్న కూడా చూసి, "ఇది కదులుతోంది," అన్నాడు.

*

షో రోజున నాన్న ఎండ ఎక్కువని సణుగుతూనే గొడుగు పట్టుకుని అందరికన్నా ముందు తయారయ్యాడు. అమ్మ కొత్త చీర కట్టుకుంది. మెడలో టేపు తియ్యడం మర్చిపోయిందని చెప్పబోయాను. మర్చిపోలేదని ఆవిడ నడక చూశాక అర్థమైంది.

మైదానం కంచె పొడుగునా జనం. ముందు వరసలో అందరి చేతుల్లోనూ ఫిరంగుల్లాంటి లెన్సులు. మా పక్కన ఒకాయన ఆరువందలకి కూడా అన్నలాంటిదాన్ని స్టాండు మీద నిలబెట్టి, నా చేతిలో జూమ్‌ని జాలిగా చూశాడు. నేను నవ్వి ఊరుకున్నాను. జెట్లు వచ్చాయి, చెవులు చిల్లులు పడ్డాయి, పొగలతో గీతలు గీసి పోయాయి. నేను ఒక్కటీ తియ్యలేదు. చేతుల్లో బలం దాచుకుంటున్నాను.

పొద్దు వాలుతుండగా మైకులో చెప్పారు, పాత రెండు రెక్కల విమానం వస్తోందని. బాగుచేయించిన క్లబ్బు పేరు చెప్పారు, పైలట్ పేరు చెప్పారు, "రెక్కలు పూర్తిగా చేత్తో కుట్టినవి" అని చెప్పారు. కుట్టిందెవరో చెప్పలేదు.

అది చిన్న కుట్టుమిషనులాగే టకటకమంటూ లేచింది. జెట్లకి అరిచినవాళ్ళంతా దీనికి ఊపిరి బిగబట్టారు. దూరంగా ఉన్నప్పుడే దాన్ని వెడల్పుగా పట్టుకున్నాను. షట్టరు నెమ్మది. మోచేతులు పక్కలకి బిగించాను. విమానం చుట్టు తిరిగి మా వైపుకి వస్తోంది. దాంతోపాటే నడుంనుంచి తిరగడం మొదలుపెట్టాను, మెల్లగా, మా ఆయన సైకిలుతో తిరిగినట్టే.

"ఈ రోజుల్లో చేత్తో ఎవరు కుడతారండీ?" అంటున్నాడు పక్కనున్న పెద్ద లెన్సాయన, నా వెనక ఎవరితోనో. "ఏ విదేశంనుంచో తెప్పించి ఉంటారు."

"మా ఆవిడండీ," అన్నాడు నాన్న.

విమానం రెక్క వంచింది. ఎండ దాని పొట్ట మీదుగా జారింది. నేను తిరుగుతూనే ఉన్నాను, నొక్కుతూనే ఉన్నాను. వెనక్కి తిరిగితే అది పోతుంది.

"ఎవరు?"

"మా ఆవిడ. అదిగో, ఆవిడే కుట్టింది. మా ఆవిడ దర్జీ. వీధి చివర షాపు."

విమానం మమ్మల్ని దాటి వెళ్ళేదాకా నేను దాని వెంటే తిరిగాను. అప్పుడుగానీ కెమెరా దించలేదు. ఇటు చూసేసరికి అంతా మామూలుగానే ఉంది. ఆ క్షణంలో అమ్మ మొహం ఎలా ఉందో నేను చూడలేకపోయాను, ఆ లోటు నాకిప్పటికీ ఉంది. మా ఆయన చూశాడు. ఇంటికెళ్ళాక గుచ్చిగుచ్చి అడిగితే, "ఏమీ అనలేదు. మావయ్యగారి చేతిలో గొడుగు తీసుకుని, ఆయనకే పట్టింది," అన్నాడు.

*

తీసినవాటిలో చాలామటుకు చెరిగిపోయాయి. కొన్నిట్లో తోకే ఉంది. ఒక్కటి నిలబడింది. విమానం మా వైపుకి వంగి ఉంది, పైలట్ తల ఇటు తిరిగి ఉంది, ముందు ప్రొపెల్లరు ఎండలో పల్చటి పళ్ళెంలా గుండ్రంగా తిరుగుతోంది. ఎడమ రెక్క అడుగు నున్నగా, బంగారంలా మెరుస్తోంది. ఎంత పెద్దది చేసి చూసినా ఒక్క ముడి కూడా కనపడదు.

భయంభయంగా అమ్మని పిలిచాను. అమ్మ చూసింది. ఈసారి ముందు ప్రొపెల్లరునే చూసింది.

"ఎగురుతోంది," అంది.

"కుట్లు రాలేదమ్మా."

"అక్కడే ఉన్నాయి. నాకు తెలీదా ఏం?" అని ఎడమ రెక్క కింద ఒకచోట గోరు ఆనించింది. "ఇదిగో, ఆ రోజు విప్పి మళ్ళీ కుట్టిన వరస ఇది." తర్వాత నా వీపు మీద ఒక్కటి చరిచింది. "బాగా తీశావే. నా కూతురివి అనిపించావు." నాకు కడుపు నిండిపోయింది.

ఫొటో హాల్లో నాన్న కుర్చీకి ఎదురుగానే వేలాడుతోంది. నేను గర్వంగానే చెబుతాను, మా వీధిలో అంత మంచి ఫొటో ఇంకొకటి లేదు. మొన్న మేడ మీదికి కొత్తగా అద్దెకొచ్చినాయన కింద కూర్చుని మాటల్లో, "మీ ఆవిడగారు ఏం చేస్తారండీ?" అని అడిగాడు. నేను లోపలి గదిలో ఉన్నాను, చేస్తున్న పని ఆపేశాను.

నాన్న కుర్చీలోంచి లేచిన చప్పుడు వినిపించింది.

"ఇలా రండి. ఈ ఎడమ రెక్క అడుగున చూడండి. కుట్లు కనిపిస్తున్నాయా?"

"లేదండీ."

"దగ్గరగా చూడండి."

"ఉహూ. కనిపించట్లేదండీ."

"కనిపించవు," అన్నాడు నాన్న, ఆ కుట్లు తనే వేసినంత గొప్పగా. "మా ఆవిడ కుట్టింది."

"ఓహో! ఆవిడ ఇంట్లో ఉన్నారా?"

"ఇంట్లో ఎందుకుంటుందండీ ఈవేళప్పుడు? షాపులో ఉంటుంది," అని నాన్న చెప్పులు వేసుకున్నాడు. "పదండి, చూపిస్తాను."